తినడం చూశాం, ఇక వండడం చూపించండి

తెలుగు సినిమా దర్శకులకు, రచయితలకు,



సినిమా అంటే ప్రాణం, వంట అంటే ఇష్టం ఉన్న ఒక ప్రేక్షకురాలిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ రెండూ ఒకే తెర మీద నిండుగా కలుసుకునే తెలుగు సినిమా కోసం చాలా కాలంగా ఎదురుచూస్తున్నాను. మన సినిమాల్లో తిండికి కొదవ లేదు. లేనిదల్లా వంట. పొయ్యి ముందు నిలబడ్డ మనిషినీ, ఆ మనిషి చేతుల్నీ, ఆ చేతుల వెనక ఉన్న మనసునూ కథగా చెప్పే సినిమా తీయమని అడగడానికే ఈ ఉత్తరం.

తిండి విషయంలో మనది చాలా గొప్ప ఆరంభం. 1957లో కె.వి.రెడ్డి గారు తీసిన ‘మాయాబజార్’లో ఎస్.వి.రంగారావు గారు ఘటోత్కచుడై విందు ముందు కూర్చున్న దృశ్యాన్ని నాలుగు తరాలు చూసి మురిశాయి. మాధవపెద్ది సత్యం గారి గొంతులో ‘వివాహ భోజనంబు’ మొదలవగానే ఇవాళ్టికీ పిల్లలు టీవీ ముందుకు పరుగెత్తుకొస్తారు. లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి దూకుతుంటే, తినడంలో ఉన్న ఆనందాన్ని అంతకన్నా బాగా ఏ భాషా తెరకెక్కించలేదని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ పాటలో మనకు కనబడేది వరసగా పేర్చిన వంటకాలు. వండిన చేతులు కనబడవు. అది మాయల కథ కాబట్టి అక్కడ ఆ లోటు తెలియదు. కానీ తరవాత వచ్చిన వందల సాంఘిక చిత్రాల్లో కూడా వంట దాదాపు మాయగానే మిగిలిపోయింది.

మన సినిమాల్లో వంటిల్లు ఎలా కనిపిస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. అమ్మ కూర కలుపుతూ కొడుకు పెళ్లి మాట ఎత్తుతుంది. నాన్న గడప దగ్గర నిలబడి విసుక్కుంటాడు. కెమెరా మాటల వెంట తిరుగుతుంది, గిన్నెలో గరిట ఊరికే తిరుగుతుంది. ఆ గిన్నెలో ఉడుకుతున్నది వంకాయా, బెండకాయా, ఉప్పు పడిందా, చింతపండు పులుసు పోసిందా, ఇవేవీ ఆ సన్నివేశానికి అక్కర్లేదు. పెళ్లి సీన్లలో అరిటాకులు వేస్తారు, వడ్డిస్తారు, నవ్విస్తారు. తెల్లవారుజామున మూడింటికి లేచి గాడిపొయ్యి రాజేసిన వంటవాళ్లు ఫ్రేములోకి రారు.

మంచి ప్రయత్నాలు జరగలేదని నేను అనను. శ్రీరమణ గారి కథ ఆధారంగా 2012లో తనికెళ్ల భరణి గారు తీసిన ‘మిథునం’లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే ఇద్దరు తెర మీద ఉంటారు. ఆ ముసలి దంపతుల దాంపత్యమంతా పెరటి పాదుల్లోంచి, వంటింట్లోంచి, విస్తట్లోంచి నడుస్తుంది. మలయాళంలో 2011లో వచ్చిన ‘సాల్ట్ అండ్ పెప్పర్’ని ప్రకాశ్‌రాజ్ గారు 2014లో ‘ఉలవచారు బిర్యాని’గా మనకు తెచ్చారు. తరుణ్ భాస్కర్ ‘పెళ్ళి చూపులు’లో ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు తనకు వంటే ఇష్టమని తెలుసుకుంటాడు, ఆ ఇష్టం ఒక ఫుడ్ ట్రక్ అవుతుంది. 2020లో వినోద్ అనంతోజు తీసిన ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’లో గుంటూరులో హోటల్ పెట్టాలనే పల్లెటూరి కుర్రాడి ధీమా అంతా తను చేసే బొంబాయి చట్నీ మీదే. శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిసే ఆ చవకైన చట్నీకి ఒక సినిమా కథను మోసే బలం ఉందని ఆయన నమ్మాడు, మనచేతా నమ్మించాడు. ఈ సినిమాలు మనం వెళ్లాల్సిన దారి మొదలును చూపించాయి. మిగతా దారి మీరు నడవాలి.

ఆ దారి ఎంత దూరం వెళ్తుందో చెప్పే సినిమాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. 1987లో గాబ్రియెల్ ఆక్సెల్ తీసిన డేనిష్ చిత్రం ‘బాబెట్స్ ఫీస్ట్’ చూసే ఉంటారు. 1871లో పారిస్ కమ్యూన్‌ను అణచివేసినప్పుడు అన్నీ పోగొట్టుకున్న బాబెట్ అనే స్త్రీ డెన్మార్క్ తీరంలో ఒక చిన్న ఊరికి చేరుతుంది. నిష్ఠాపరులైన ఇద్దరు అక్కచెల్లెళ్ల ఇంట్లో వంటమనిషిగా ఉండి, ఏళ్ల తరబడి వాళ్లు తినే ఎండుచేప, రొట్టె గంజి వండిపెడుతుంది. ఒకనాడు లాటరీలో పది వేల ఫ్రాంకులు తగులుతాయి. ఆ డబ్బుతో వెనక్కి వెళ్లిపోవచ్చు. ఆమె మాత్రం ఒక్క రాత్రి విందు వండడానికి అనుమతి అడుగుతుంది. వచ్చినవాళ్లు రుచిని పాపమనుకునేవాళ్లు. భోజనం గురించి ఒక్క మాటా మాట్లాడకూడదని ముందే ఒట్టు పెట్టుకుంటారు. అయినా ఒక్కో వంటకం బల్ల మీదికి వస్తున్నకొద్దీ పాత కక్షలు కరుగుతాయి, చేసిన మోసాలు ఒప్పుకుంటారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. ఆమె పది వేలూ ఆ పన్నెండు మంది భోజనానికే ఖర్చుపెట్టేసిందని చివర్లో తెలుస్తుంది. ఒకప్పుడు ఆమె పారిస్‌లోని ‘కఫే ఆంగ్లే’లో పెద్ద వంటమనిషి. తన కళను పూర్తిగా చూపించే అవకాశం ఆమెకు ఆ ఒక్క రాత్రే మళ్లీ దొరికింది. ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ అందుకున్న ఆ సినిమాలో విలన్ లేడు, పోరాటం లేదు. ఒక మనిషి తనకు వచ్చిన విద్యనంతా ఇతరుల కోసం ధారపోయడమే కథ.

ఆంగ్ లీ 1994లో తీసిన ‘ఈట్ డ్రింక్ మ్యాన్ ఉమన్’ చూడండి. తైపేలో పేరున్న వంటవాడు, భార్య పోయినవాడు, ముగ్గురు కూతుళ్ల తండ్రి. కూతుళ్లతో ప్రేమగా ఒక్క మాట మాట్లాడటం ఆయనకు చేతకాదు. ప్రతి ఆదివారం మాత్రం వాళ్ల కోసం పెద్ద విందు వండుతాడు. సినిమా మొదట్లో చేపను శుభ్రం చేయడం, మాంసం తరగడం, ఆవిరి మీద ఉడికించడం వరసగా చూపిస్తుంటే, ఆయన నోటితో చెప్పలేనిదంతా ఆ చేతులు చెబుతున్నాయని మనకే అర్థమవుతుంది. అంతటి వంటవాడికి నాలుక మీద రుచి పోయింది. వంటింట్లోకి రానివ్వకుండా చదువుకు పంపిన కూతురు చివరికి వండిన సూప్ తాగినప్పుడు ఆ రుచి తిరిగి తెలుస్తుంది. మన ఇళ్లలో ఇలాంటి నాన్నలు ఎంతమంది లేరు? ప్రేమని నోరు విప్పి చెప్పడం రాక, బజారుకెళ్లి ఏరి ఏరి వంకాయలు తెచ్చే నాన్నలు!

ఇంకో సినిమా ‘బిగ్ నైట్’. 1996లో స్టాన్లీ టుచ్చీ, క్యాంప్‌బెల్ స్కాట్ కలిసి తీశారు. అమెరికాలో హోటల్ నడుపుతున్న ఇద్దరు ఇటాలియన్ అన్నదమ్ములు తమకున్నదంతా ఒక్క రాత్రి విందు మీద పెట్టి ఓడిపోతారు. ఒకరినొకరు మాటలతో చీల్చుకుంటారు. తెల్లారాక తమ్ముడు వంటింట్లోకి వచ్చి గుడ్లు కొట్టి ఆమ్లెట్ వేస్తాడు. పనివాడికి కొంత, తనకు కొంత పెట్టి, అన్న కోసం కొంత ఉంచుతాడు. అన్న వస్తాడు, తింటాడు. దాదాపు ఒకే షాట్‌లో, మాటలు లేకుండా సాగే ఆ సన్నివేశంలో క్షమాపణ ఉంది, క్షమించడమూ ఉంది. మన రచయితలు రెండు పేజీల డైలాగులు రాసే చోట అక్కడ కొన్ని గుడ్లు సరిపోయాయి.

మన దేశంలోని మిగతా భాషల సినిమాల నుంచి కూడా నేర్చుకోవచ్చు. 2012లో అన్వర్ రషీద్ దర్శకత్వంలో, అంజలి మేనన్ రచనలో వచ్చిన మలయాళ చిత్రం ‘ఉస్తాద్ హోటల్’ తెలుగులోకి ‘జనతా హోటల్’గా వచ్చింది. విదేశంలో షెఫ్ కావాలనుకున్న మనవడు కోజికోడ్ తీరంలో తాత నడిపే హోటల్లో మూటలు మోయడం దగ్గర్నుంచి మొదలుపెట్టి పని నేర్చుకుంటాడు. కడుపు నింపడం ఎవరైనా చేయగలరని, తిన్నవాడి మనసు కూడా నిండాలని ఆ తాత నమ్మకం. ఆ పాత్రలో తిలకన్ గారిని చూసినవాళ్లు మరిచిపోలేరు. రితేశ్ బాత్రా ‘ది లంచ్‌బాక్స్’లో పొరపాటున వేరే మనిషికి చేరిన డబ్బా ఇద్దరు ఒంటరివాళ్లను కలుపుతుంది. ఖాళీగా తిరిగొచ్చిన డబ్బాను చూసి ఆ ఇల్లాలి ముఖంలో వెలిగే వెలుగు కోసమే ఆ సినిమా మళ్లీ చూడొచ్చు.

ఈ సినిమాలన్నీ చూశాక నాకు ఒకటి స్పష్టమైంది. తినడం చూపిస్తే ప్రేక్షకుడికి నోరూరుతుంది. వండడం చూపిస్తే మనిషి అర్థమవుతాడు. ఎందుకంటే వంటలో కాలం ఉంది, ఎదురుచూపు ఉంది, చెడిపోతుందేమోనన్న భయం ఉంది, ఎవరి కోసం అన్న ప్రశ్న ఉంది. నాటకానికి కావలసినవి ఇవే కదా. నూనె కాగి ఆవాలు చిటపటలాడాక ఎండుమిర్చి, కరివేపాకు వేయడానికి ఉన్న వ్యవధి కొన్ని క్షణాలే. ఆ క్షణాల్లో పరధ్యానం వస్తే పోపు మాడుతుంది. పోపు మాడిన వాసన ఇంటిల్లిపాదికీ చెప్పేస్తుంది, ఆ మనిషి మనసు ఇక్కడ లేదని. ఇంతకంటే మంచి సన్నివేశం ఏ స్క్రీన్‌ప్లే పాఠంలో దొరుకుతుంది?

ఇక మన దగ్గర ఉన్న సరుకు చూడండి. కోనసీమలోని ఆత్రేయపురంలో ఆడవాళ్లు పూతరేకులు తీస్తారు. నున్నటి కుండను బోర్లించి కింద మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను కాలిన కుండ మీద ఒక్కసారి లాగుతారు. రెప్ప వేసేలోపు కాగితం కన్నా పల్చని రేకు లేచి వస్తుంది. మంట కాస్త ఎక్కువైనా, పిండి కాస్త చిక్కబడ్డా రేకు చిరిగిపోతుంది. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొగలో కళ్లు మండుతూ కూర్చున్న ఆ చేతులకు మాత్రం మన తెర మీద ఇంకా గుర్తింపు రాలేదు.

తెలంగాణ పల్లెల్లో సంక్రాంతికి సకినాలు చేసే రోజు ఎలా ఉంటుందో ఎవరైనా తీరిగ్గా తీశారా? వాడకట్టులోని ఆడవాళ్లంతా ఒక్క ఇంట్లో చేరతారు. నువ్వులు, వాము కలిపిన తడి బియ్యప్పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ తెల్లబట్ట మీద చుట్లు చుట్లుగా చుడతారు. చేయి ఆగదు, నోరూ ఆగదు. కొత్త కోడలి చుట్టు వంకరపోతే పెద్దామె చెయ్యి పట్టుకుని సరిచేస్తుంది. ఊళ్లోని సంగతులు, దాచుకున్న బాధలు, అరిగిపోయిన పాత పాటలు అన్నీ ఆ బట్ట చుట్టూ తిరుగుతాయి. పది పాత్రల సినిమా అక్కడే కూర్చుని ఉంది.

హైదరాబాద్‌లో రంజాన్ నెల వస్తే ఇటుక బట్టీల్లో దించిన పెద్ద దేగిశాల ముందు నిలబడి, హలీం కోసం గోధుమలూ మాంసమూ ఒక్కటైపోయేదాకా పొడవాటి కర్రలతో గంటలకొద్దీ దంచేవాళ్లను చూడండి. చెమట, ఆవిరి, ఇద్దరి చేతుల లయ. బయట ఇఫ్తార్ వేళ కోసం చూసే జనం. దంచేవాళ్లలో చాలామంది తామూ ఉపవాసంలో ఉండి ఆ పని చేస్తారు. రాయలసీమలో రాగి సంగటి కెలకడానికి రెండు చేతుల బలమూ కావాలి. నెల్లూరు చేపల పులుసులో చేప విరగకుండా ఉండాలంటే గరిట పెట్టకుండా దాకనే పట్టుకుని మెల్లగా తిప్పాలి. పులుసు ఆ పూటకన్నా మర్నాటికి రుచి. ఆ ఒక్క రాత్రి ఆగడంలో ఎంత కథ చెప్పొచ్చు! జొన్నరొట్టె కర్ర లేకుండా చేత్తో తట్టి చేస్తారు. ఆ చప్పుడుకి ఏ నేపథ్య సంగీతమూ సరితూగదు. ఎండాకాలం ఆవకాయ రోజున కత్తిపీట మీద కాయలు కొట్టడం, టెంక పట్టిన ముక్కలను గుడ్డతో తుడవడం, కారం, ఆవపిండి, ఉప్పు పాళ్ల మీద అత్తాకోడళ్ల వాదన, జాడీకెత్తాక మూడో రోజు తిరగకలిపి మొదటి ముద్ద ఎవరికి పెట్టాలన్న తర్జనభర్జన, ఇవన్నీ మీకు తెలిసినవే. తెలిసినదాన్ని తెర మీద చూడాలన్నదే మా కోరిక.

‘వంట ఎవరు చూస్తారండీ?’ అని నిర్మాతలు అడుగుతారని నాకు తెలుసు. జవాబు మన ఊళ్లలోనే ఉంది. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ వందేళ్లు దాటిన వయసులో పొలం గట్టున పొయ్యి పెట్టి వండితే యూట్యూబ్‌లో పది లక్షల మందికి పైగా ఆమె ఛానెల్‌కి చందాదారులయ్యారు. పుచ్చకాయ డొల్లలో ఆమె వండిన కోడికూరను భాష తెలియనివాళ్లు కూడా చూశారు. 2018లో ఆమె పోయినప్పుడు ఎక్కడెక్కడివాళ్లో బాధపడ్డారు. ‘గ్రాండ్‌పా కిచెన్’ నారాయణ రెడ్డి గారు పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకు పెట్టేవారు. 2019లో ఆయన కన్నుమూసేనాటికి ఆయన్ని చూసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఈ ఇద్దరూ తెలుగువాళ్లే. నటన రాదు, సెట్ లేదు, పాటలు లేవు. వండే మనిషిని చూడాలనే ఆకలి జనంలో ఎంత ఉందో వాళ్లు రుజువు చేశారు. ఆ మనిషికి కథ, గతం, కోరిక ఇవ్వడం మీ పని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వంటలోని ఆనందాన్ని చూపించమన్నానని వంటింటిని గుడి చేసి, అందులో ఆడదాన్ని దేవతగా కూర్చోబెట్టకండి. 2021లో జియో బేబీ తీసిన మలయాళ చిత్రం ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ మనందరం చూశాం. అందులోనూ తరగడం, ఉడికించడం, వడ్డించడం అందంగానే కనబడతాయి, మొదట్లో. ఆ తరవాత ఎంగిలి కంచాలు, కారే సింకు, మళ్లీ తరగడం, మళ్లీ కడగడం. ఎంపిక లేనప్పుడు వంట చాకిరీ అవుతుందని ఆ సినిమా ఒక్క ఉపన్యాసం లేకుండా చెప్పింది. వంటను ప్రేమించే నాలాంటివాళ్లు ఆ సినిమాకు మరింత రుణపడి ఉన్నాం. బాబెట్ విందు మనల్ని ఏడిపించడానికి కారణం ఆమె దాన్ని తనంతట తాను ఎంచుకోవడమే. ఆ స్వేచ్ఛ ఉన్నచోటే వంట కళ అవుతుంది. అందుకని అలసటనూ చూపించండి, గిన్నెలు తోమేవాళ్లనూ చూపించండి, పొయ్యి దగ్గర మగవాళ్లనూ మామూలుగా నిలబెట్టండి.

ఎవరి వంటిల్లు చూపిస్తున్నారో కూడా ఆలోచించండి. తెలుగు వంట అనగానే పప్పు, నెయ్యి, అరిటాకు మాత్రమే గుర్తొస్తే మనలో చాలామంది ఇళ్లు ఆ ఫ్రేములో లేనట్టే. ఎండుచేపల పులుసు, తలకాయ కూర, బోటి, పండుగనాడు పంచుకునే కల్లూ కూరా, గంజన్నంలో నంజుకునే ఉల్లిపాయ ఇవన్నీ తెలుగు రుచులే. వీటిని పేదరికానికి గుర్తుగానో, నవ్వు కోసమో కాకుండా, ప్రేమగా, నైపుణ్యంగా చూపిస్తే మన సినిమాకి కొత్త ముఖాలు, కొత్త కథలు వస్తాయి.

మిమ్మల్ని అడిగేవి పెద్ద ఖర్చు పెట్టించేవి కావు. వంటకు సమయం ఇవ్వండి. ట్రాన్ ఆన్ హుంగ్ ‘ది టేస్ట్ ఆఫ్ థింగ్స్’ని దాదాపు అరగంట సేపు వంటతోనే మొదలుపెట్టాడు, నేపథ్య సంగీతం జోలికి పోకుండా. ఆ చిత్రానికే 2023లో కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు. పాటల విరామం కోసం పరుగెత్తే కట్‌లు ఆపి, బెల్లం పాకం తీగ సాగేదాకా మమ్మల్ని ఆగనివ్వండి. శబ్దాన్ని లొకేషన్‌లోనే పట్టండి. రోలు, రోకలి, పెనం, పొయ్యి ఊదే గొట్టం ఒక్కోటి ఒక్కో గొంతుతో మాట్లాడతాయి. నటులకు వంట నేర్పించండి. కత్తి యుద్ధం కోసం నెలల తరబడి సాధన చేసే మన హీరోలు ఉల్లిపాయ సన్నగా తరగడానికి కొన్ని వారాలు ఇవ్వలేరా? ‘షెఫ్’ సినిమా కోసం జాన్ ఫావ్రో నిజమైన వంటవాడు రాయ్ చోయ్ దగ్గర పని నేర్చుకున్నాడు. ‘రాటటూయి’ లాంటి కార్టూన్ సినిమా తీయడానికే దాని నిర్మాత థామస్ కెల్లర్ హోటల్ వంటింట్లో పని చేసి చూశాడు. బొమ్మల సినిమాకే అంత శ్రద్ధ అవసరమైతే, మనుషుల సినిమాకి ఎంత కావాలి?

ఆ శ్రద్ధ నేర్పగలవాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు. పెళ్లిళ్లకు వండే మేస్త్రీని, ఆత్రేయపురంలో రేకు తీసే ఆవిడను, పాతబస్తీలో దమ్ వేసే ఉస్తాదును కథ రాయడానికి కూర్చునే ముందే పిలవండి. వాళ్లు చెప్పేది వినండి. వాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు ఫైట్ మాస్టర్‌కి ఇచ్చినంత గౌరవంగా ఇవ్వండి. సినిమా పూర్తయ్యాక టైటిల్స్‌లో వంట చేసిన ప్రతి ఒక్కరి పేరూ, ఊరితో సహా, అందరికీ కనబడేంత పెద్ద అక్షరాల్లో వేయండి.

అభిమానంతో,
మీ ప్రేక్షకురాలు